చిన్నమెదడు పని తూలకుండా నిలపడమేనా?

మనిషి మెదడులో పదివేల కోట్ల నాడీకణాలు ఉంటాయన్న మాట చాలాకాలం పుస్తకాల్లోనూ ప్రసంగాల్లోనూ చెలామణి అయింది. ఎవరు లెక్కపెట్టారని అడిగినవారు మాత్రం తక్కువ. బ్రెజిల్ శాస్త్రవేత్త సుజానా హెర్కులానో-హౌజెల్ ఆ ప్రశ్న అడగడమే కాక, మెదడు కణజాలాన్ని ద్రావణంగా మార్చి అందులోని కణకేంద్రకాలకు రంగు పట్టించి లెక్కించే పద్ధతిని రూపొందించారు. 2009లో ఆమె బృందం వెల్లడించిన లెక్క ప్రకారం వయోజన పురుషుడి మెదడులో నాడీకణాలు సగటున 8,600 కోట్లు. అసలు ఆశ్చర్యం ఈ మొత్తం తగ్గడంలో లేదు, పంపకంలో ఉంది. ఆలోచనకూ భాషకూ నిలయమని మనం గౌరవించే పెద్దమెదడు వల్కలంలో, అంటే దాని పైపొరలో, ఉన్నవి సుమారు 1,600 కోట్లు కాగా, మెదడు బరువులో పదో వంతు మాత్రమే తూగే చిన్నమెదడులో సుమారు 6,900 కోట్లు ఉన్నాయి. అంటే ప్రతి ఐదు నాడీకణాల్లో నాలుగు తల వెనుక, మెడకు పైన ఉన్న ఆ ముడతల ముద్దలోనే ఉన్నాయి.

అయినా చిన్నమెదడు గురించి మన బడి చదువులో మిగిలేది ఒక్క వాక్యమే: అది శరీర సమతాస్థితిని కాపాడుతుంది. ఈ వాక్యం తప్పు కాదు. 1824లో ఫ్రాన్స్‌కు చెందిన శాస్త్రవేత్త పియెర్ ఫ్లూరెన్స్, పావురాల చిన్నమెదడును తొలగిస్తే వాటికి కదలిక పోదనీ, కదలికల మధ్య పొందిక పోతుందనీ గమనించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో తల వెనుక తూటా గాయాలైన సైనికులను పరీక్షించిన బ్రిటన్ నాడీవైద్యుడు గోర్డన్ హోమ్స్, చేయి గురి తప్పడం, వణకడం, నడక తూలడం వంటి లక్షణాలను ఎంత ఓపికగా నమోదు చేశాడంటే, నేటికీ వైద్యులు ఆ వర్ణనల బాటలోనే రోగి చేత వేలితో ముక్కును తాకించి చూస్తారు. మద్యం మోతాదు మించినవారి అడుగులు తడబడడంలోనూ చిన్నమెదడు పాత్ర పెద్దదే. అయితే కంటికి తేలిగ్గా కనిపించే లోపాన్నే ఆ అవయవం పూర్తి స్వరూపంగా భావించడం దగ్గర పొరపాటు మొదలైందని నా అభిప్రాయం.

సంఖ్యను చూసి తొందరపడడం కూడా సరికాదు. ఆఫ్రికా ఏనుగు మెదడులో సుమారు 25,700 కోట్ల నాడీకణాలుంటే వాటిలో 97 శాతానికి పైగా చిన్నమెదడులోనివే. అంతమాత్రాన ఏనుగు మనకు మూడు రెట్లు తెలివైనదని ఎవరూ అనరు. మనిషి చిన్నమెదడులోనూ అత్యధిక భాగం రేణుకణాలు, శరీరంలోని అతి చిన్న నాడీకణాల్లో ఇవీ ఒకటి. ఒక్కోదానికి నాలుగైదు పొట్టి శాఖలే ఉంటాయి. కాబట్టి ఎన్ని ఉన్నాయన్న దానికంటే ఎలా అల్లుకున్నాయన్నదే చూడవలసిన విషయం.

ఆ అల్లిక అసాధారణమైనది. రేణుకణాల నుంచి బయలుదేరిన సన్నని తంతువులు ముడత పొడవునా సమాంతరంగా సాగుతూ, 1837లో శాస్త్రవేత్త పర్కింజీ వర్ణించిన పెద్ద కణాల శాఖల గుండా పోతాయి. ఒకే తలంలో విసనకర్రలా పరుచుకున్న ఆ శాఖలపై ఒక్కో పర్కింజీ కణం లక్షకు పైగా సమాంతర తంతువుల సంకేతాలను అందుకుంటుంది. మెదడు కాండం నుంచి ఎగబాకి వచ్చే ఆరోహక తంతువు మాత్రం దానికి సాధారణంగా ఒక్కటే. లక్ష గొంతుల పక్కన ఈ ఒక్క గొంతు ఎందుకన్న ప్రశ్నకు 1969లో డేవిడ్ మార్, 1971లో జేమ్స్ ఆల్బస్ అనే పరిశోధకులు విడివిడిగా సిద్ధాంతాలు చెప్పారు: వాటి సారం, ఆ ఒక్కటి నేర్పే గొంతు అని. ఆల్బస్ వాదనలో అది పొరపాటును తెలియజేస్తుంది, దాంతో ఆ క్షణంలో చురుగ్గా ఉన్న సంధులు (సమాంతర తంతువులు పర్కింజీ కణానికి సంకేతాలు అందించే చోట్లు) బలహీనపడతాయి. జపాన్ శాస్త్రవేత్త మసావో ఇటో బృందం 1982లో అటువంటి బలహీనతనే ప్రయోగంలో చూపింది. నేర్చుకోవడం అంతా ఈ ఒక్క యంత్రాంగంతోనే జరుగుతుందని ఇప్పుడు ఎవరూ గట్టిగా చెప్పడం లేదు. కానీ జరగబోయేదాన్ని ముందే అంచనా వేయడం, అంచనా తప్పినప్పుడు సవరించుకోవడం చిన్నమెదడు ప్రధాన వృత్తి అన్న భావన నిలిచింది. మన చక్కిలిగింత మనకే పెట్టుకోలేకపోవడానికి కూడా, మన చేతి స్పర్శను చిన్నమెదడు ముందుగానే ఊహించడం ఒక కారణమని 1998 నాటి స్కానింగ్ అధ్యయనం సూచించింది.

ఇక్కడే నా వాదనకు ఆధారం ఉంది. ఈ అల్లిక చిన్నమెదడు అంతటా దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. మారేది దానికి సమాచారం వచ్చే చోటు, అది తిరిగి పంపే చోటు. కోతులపై నాడీమార్గాలను గుర్తించిన పీటర్ స్ట్రిక్ బృందం, చిన్నమెదడులోని కొన్ని భాగాలు కదలికను నడిపే ప్రాంతాలతో కాక ప్రణాళికలు వేసే ముందుభాగపు వల్కలంతో ముడిపడి ఉన్నాయని చూపింది. అల్లిక ఒకటే అయినప్పుడు, చేతి కదలికను సవరించే పద్ధతిలోనే అది ఆలోచన క్రమాన్నీ సవరిస్తుందనుకోవడం అతి ఊహ కాదు. 1998లో జెరెమీ ష్మామన్, జానెట్ షెర్మన్ అనే పరిశోధకులు చిన్నమెదడు దెబ్బతిన్న 20 మంది రోగుల్లో ప్రణాళిక, మాటల ధార, స్థలజ్ఞానం, భావోద్వేగ నిగ్రహం లోపించడాన్ని వివరించారు.

దీనికి ఎదురు నిలిచే ఉదాహరణను దాటవేయకూడదు. చిన్నమెదడు లేకుండానే పుట్టిన చైనా యువతి గురించి 2014లో వైద్యులు నివేదించారు. ఇరవై నాలుగేళ్ల వయసులో తలతిరుగుడుతో ఆసుపత్రికి వెళ్లేదాకా ఆ సంగతి బయటపడలేదు. ఐదింట నాలుగు వంతుల నాడీకణాలు లేకపోయినా ఆమె నడిచింది, మాట్లాడింది. అయితే ఆమెకు స్పష్టమైన మాట ఆరేళ్లకు, నడక ఏడేళ్లకు వచ్చాయి. ఆ ఆలస్యమే నాకు ముఖ్యంగా తోస్తుంది: చిన్నమెదడు లేకపోతే పని ఆగిపోదు, కానీ పని సాఫీగా రావడానికి ఏళ్లు పడుతుంది.

ఈ చర్చ ప్రయోగశాలకు పరిమితమైనది కాదు. చిన్నమెదడుకు పక్షవాతం వచ్చి కోలుకున్న వ్యక్తి నడక కుదుటపడగానే కుటుంబం ఊరట చెందుతుంది. ఆ తరువాత అతను ఖర్చుల లెక్క కూర్చలేకపోయినా, చిన్న మాటకే కోపగించినా దాన్ని వయసుకో, దిగులుకో అంటగడతాం. ఇటువంటి లోపాలను మంచం పక్కనే తేల్చే పరీక్షను ష్మామన్ బృందం 2018లో ప్రచురించింది. అందులో ఒకే అక్షరంతో మొదలయ్యే మాటలు నిమిషంలో ఎన్ని చెప్పగలరో చూసే అంశం ఉంది. ఇంగ్లిష్ అక్షరం కోసం పెట్టిన కొలతను గుణింతాలున్న తెలుగుకు యథాతథంగా వాడితే ఫలితం నమ్మదగినదిగా ఉండదు. ‘క’ అన్నప్పుడు ‘కి’, ‘కూ’లతో మొదలయ్యే మాటలను లెక్కలోకి తీసుకోవాలా అన్నది ముందు తేల్చి, తెలుగు మాట్లాడే ఆరోగ్యవంతుల్లో సగటు ఎంతో కొలిచాకే రోగికి మార్కులు వేయాలి, చదువుకోని వారికి విడిగా కొలతలు కావాలి.