ఐటీపీ అన్నకు హన్మకొండ వాలంటీర్ల బహిరంగ లేఖ

ఐటీపీ అన్నా, శనార్థులు!

డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టం బగ్ ట్రాకర్‌లో, అంటే తప్పుల చిట్టాలో, డబ్ల్యూఎన్‌పీపీ (పని కావాల్సినవి, రాబోయేవి) అనే ప్యాకేజీ కింద ఉంటవని అందరికీ ఎరుకే. ప్యాకేజీ అంటే ఇన్‌స్టాల్ చేసుకునేతందుకు కట్టిన సాఫ్ట్‌వేర్ మూట. ఆ ప్యాకేజీ నిజంగా ఎక్కడా లేదు, ఇన్‌స్టాల్ చేద్దామంటే దొరకదు. నువ్వు బగ్గువి సుత కావు. ఎవరి కోడ్‌లోనూ తప్పు లేకున్నా నీకొక బగ్ నంబరున్నది, 'విష్‌లిస్ట్' అనే తీవ్రత ఉన్నది. ఫలానా సాఫ్ట్‌వేర్‌ను డెబియన్‌లోకి తెస్త అని ఎవరన్న అనుకున్న నాడే నువ్వు పుడతవు. ఐటీపీ, పొడుగ్గ చెప్తే 'ఇంటెంట్ టు ప్యాకేజ్' అంటే గదే గదా. పని కాకముందే పేపర్ల మీదికెక్కే ఘనత నీది.

నిన్ను పుట్టించిన కారణాన్ని తప్పు పట్టం. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన ఈ సిస్టం పని చేసేటోళ్లు దేశదేశాల్లో ఉన్నరు. జీతం లేదు, హాజరు పట్టీ లేదు, ఫలానా పని నువ్వు చెయ్యి అని పురమాయించే సారు లేడు. హన్మకొండలో ఒకరు, బ్రెజిల్‌లో ఒకరు ఒకే ప్యాకేజీ మీద కూసుంటే ఇద్దరిలో ఒకరి కష్టం వట్టిగ పోతది. అట్ల కావద్దని ముందుగాల చాటింపు వేసేతందుకే నువ్వు.

మరి ఇప్పుడు చేస్తున్నదేంది? మా వరంగల్ చుట్టుపక్కల ఖాళీ ప్లాట్లల్ల నాలుగు హద్దురాళ్లు పాతి, 'ఈ స్థలము ఫలానా వారిది, ఇతరులు ప్రవేశించరాదు' అని రేకు బోర్డు పెట్టి పోతరు. సర్కారు తుమ్మ మొలిచి బోర్డు కనపడకుంట అయితది గాని ఇల్లు లేవదు. నీ ఖాతాలో అసొంటి ప్లాట్లు మస్తుగున్నయి. తేదీ చూస్తే ఏండ్ల కిందటిది, 'ఓనర్' అని ఒక పేరు, దాని కింద ఎవరో అడిగిన 'ఏమన్న ముందుకు పోయిందా?' అనే ప్రశ్న, దానికి జవాబు శూన్యం. చేయగలిగినోడు వచ్చి చూసి, ఇది వేరేటోళ్లది అనుకొని మర్యాదగా వెనక్కి పోతడు. ఒకే పని ఇద్దరు చెయ్యొద్దని నిన్ను పెడితే, ఒక్కరు సుత చెయ్యకుంట చూసుకుంటున్నవు.

నువ్వు పుట్టుడు మరీ అల్క. టెర్మినల్‌లో 'రిపోర్ట్‌బగ్ డబ్ల్యూఎన్‌పీపీ' అని కొట్టి, వచ్చిన జాబితాలో నిన్ను ఎంచుకుంటే చాలు. ప్యాకేజీ పేరు, వెర్షను, అసలు రాసినోళ్ల పేరు, వాళ్ల వెబ్ చిరునామా, లైసెన్సు, ఏ భాషలో రాసిండ్రు, వివరణ. ఇవి నింపితే అయిపాయె. సబ్జెక్ట్ లైన్‌లో 'ఐటీపీ', కోలన్, ప్యాకేజీ పేరు, రెండు హైఫన్లు, ఒక ముక్కలో వివరణ. ఒక నకలు డెవలపర్లందరికీ పోతది. ఇగ అక్కడి నుంచి పంచాయితి షురూ.

మొదటి పంచాయితి పేరు మీద. చూసేటోళ్లకు ఇది పనిలేని లొల్లి అనిపిస్తది గాని, మా లెక్కన నీ దగ్గర జరిగే అన్ని లొల్లుల్లో అక్కరకొచ్చేది ఇదే. ప్యాకేజీ పేరులో చిన్న ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, ప్లస్సు, మైనస్సు, చుక్క తప్ప ఇంకేం ఉండొద్దు, కనీసం రెండు అక్షరాలుండాలె. ఇది అల్కటి రూలు. అసలు తంటా వేరే. వేర్వేరు పనులు చేసే రెండు ప్రోగ్రాములు ఒకే కమాండ్ పేరు పెట్టుకోవద్దు. ఎవరు మార్చుకోవాలెనో రాజీ కుదరకుంటే ఇద్దరూ మార్చుకోవాలని పాలసీలో, అంటే డెబియన్ రూల్స్ పుస్తకంలో, రాసి ఉన్నది. 'నోడ్' సంగతి యాది చేసుకో. హ్యామ్ రేడియో వాళ్ల ప్యాకెట్ రేడియో ప్రోగ్రాముకు ఆ పేరు ముందే ఉన్నది. జావాస్క్రిప్ట్ నడిపించే నోడ్.జేఎస్ వచ్చి నాకూ అదే కావాలన్నది. 2012లో ఇసొంటి తగాదాలు తేల్చే టెక్నికల్ కమిటీ దాక పోయింది. దాని తర్వాత సుత డెబియన్‌లో చాన్నాళ్లు 'నోడ్‌జేఎస్' అని పొడుగ్గ కొట్టాల్సి వచ్చింది, పొట్టి పేరు కావాలంటే 'నోడ్‌జేఎస్-లెగసీ' అని వేరే ప్యాకేజీ వేసుకోవాల్సి వచ్చింది. గిట్‌కూ అదే గతి. కోడ్‌లో మార్పులన్నీ దాచిపెట్టే పనిముట్టు, ఇయ్యాల లోకమంతా గిట్ అనేదాన్ని డెబియన్‌లో చాలా ఏండ్లు 'గిట్-కోర్' అన్నరు, ఎందుకంటే ఫైళ్లు చూసుకునే ఒక జీఎన్‌యూ పనిముట్టు 'గిట్' పేరు మీద ముందే కూసున్నది. కాబట్టి 'నోట్స్' అనో 'టాస్క్' అనో పేరు పెట్టుకొని వచ్చినోళ్లను నలుగురు నిలదీస్తే వాళ్లను తిట్టుకోకు. 'ఆప్ట్-ఫైల్ సెర్చ్' కొట్టి ఆ కమాండ్ దారి ఇంకెవరి దగ్గరన్న ఉన్నదా అని ముందుగాలనే చూసుకుంటే ఈ లొల్లే ఉండదు.

రెండోది వివరణ మీద. ఒక లైను వివరణ ఎనభై అక్షరాలు దాటొద్దు, వాక్యం లెక్క ఉండొద్దు, ప్యాకేజీ పేరు మళ్లా రాయొద్దు. కింద పెద్ద వివరణలో ప్రతి లైను ఒక ఖాళీతో మొదలు కావాలె, ఖాళీ లైను కావాలంటే ఒక ఖాళీ, ఒక చుక్క. 'మెరుపు వేగం', 'అత్యాధునికం', 'వాడకం చాలా సులభం' అని రాసుకొచ్చినోళ్లను ఇది ఏం చేస్తదో ముందు చెప్పు అని అడుగుతరు. ఇంతకన్నా దీని మీద చెప్పేతందుకు ఏం లేదు, దీనికి ముప్పై జవాబులు అక్కెర లేదు.

లైసెన్సు కాడికి వస్తే మటుకు నిమ్మలంగ కూసోవాలె. ఆ గడిలో 'ఎంఐటీ' (పెద్దగ షరతుల్లేని లైసెన్సు) అని ఒక్క ముక్క రాసి పంపుతరు. లోపలికి పోయి చూస్తే మూలలో ఒక ఫోల్డర్‌లో ఎక్కడి నుంచో ఎత్తుకొచ్చిన కోడ్ ఉంటది, దాని మీద పంచితే మూల కోడ్ సుత ఇయ్యాలనే జీపీఎల్ లైసెన్సు ఉంటది. బొమ్మల ఫోల్డర్‌లో వ్యాపారానికి వాడొద్దనే క్రియేటివ్ కామన్స్ బొమ్మ ఉంటది. డెబియన్ ఫ్రీ సాఫ్ట్‌వేర్ మార్గదర్శకాలు 1997 నాటివి. అందులో ఆరోది, ఏ రంగం పనికైనా వాడుకోనియ్యాలె అంటది. అందుకే మన కాలేజీ ప్రాజెక్టుల కింద కనపడే 'విద్యా అవసరాలకు మాత్రమే' అనే వాక్యం ఒక్కటే ఉన్నా ప్యాకేజీ డెబియన్ అసలు భాగమైన 'మెయిన్‌'లోకి రాదు. మంచికే వాడాలె, చెడుకు వాడొద్దు అనే జేసన్ లైసెన్సు సుత ఈ కారణంతోనే బయట నిలబడ్డది. అసలు లైసెన్సే రాయని రిపాజిటరీ అయితే ఇంకా కష్టం. బయటపెట్టిండ్రు గదా అని తీసుకుంటే నడవదు, పంచిపెట్టే అనుమతే లేదు గనుక షరతులున్నవాటిని పెట్టే 'నాన్-ఫ్రీ'లో సుత పెట్టలేం. రాసినోళ్లకు మెయిల్ పెట్టి లైసెన్సు ఫైలు చేర్పించుకోవుడు ఒక్కటే దారి.

'లైసెన్స్‌చెక్' అనే పనిముట్టును లోపలి ఫోల్డర్లన్నిటి మీద నడిపిస్తే ఫైలుకొక లైసెన్సు చూపెడతది. కాని అది ఫైలు తలకాయ మీద రాసిందాన్నే చదువుతది, బొమ్మలనూ ఫాంట్లనూ మనమే చూసుకోవాలె. ఒత్తి చిన్నగ చేసిన జావాస్క్రిప్ట్ ఫైలు కనపడితే దాని మూలం ఏదని, ప్యాకేజీలో తప్పులు వెతికే లింటియన్ ఎర్రర్ ఇస్తది. మూలం దొరకకుంటే కాపీరైట్ ఫైలులో 'ఫైల్స్-ఎక్స్‌క్లూడెడ్' కింద ఆ పేరు రాసి, యూస్కాన్ అనే పనిముట్టుతో టార్‌బాల్ (కోడ్ మూట) తిరిగి కట్టి, వెర్షను వెనుక 'ప్లస్ డీఎఫ్‌ఎస్‌జీ' (ఆ మార్గదర్శకాల పొట్టి పేరు) తగిలించాలె. ఇదంతా నీ దరఖాస్తులో ఒక్క గడిలో పడుతదని నువ్వెట్ల అనుకున్నవో మాకు తెల్వదు.

తెలుగు ఫాంటు సంగతే తీసుకో. మా బమ్మెర పోతన పేరు పెట్టుకున్న పోతన 2000, దానితోపాటు వేమన 2000, డెబియన్‌లో ఎప్పటినుంచో ఉన్నయి. ఇంకో తెలుగు ఫాంటు తెద్దామని ఎవరన్న నీ తలుపు కొడితే దరఖాస్తు నింపుడు పది నిమిషాలు. పేరు 'ఫాంట్స్-' తో మొదలు పెట్టి, సెక్షన్ 'ఫాంట్స్', ఆర్కిటెక్చర్ 'ఆల్', మల్టీ-ఆర్చ్ 'ఫారిన్' అని రాస్తే ప్యాకేజీ వివరాలుండే కంట్రోల్ ఫైలు దాదాపు అయినట్టే. అడగాల్సినవి నువ్వు అడగవు. వెబ్‌సైటులో ఓఎఫ్‌ఎల్ (ఫాంట్ల స్వేచ్ఛా లైసెన్సు) అని ఉంటది, ఫాంటు లోపలి నేమ్ టేబుల్‌లో అన్ని హక్కులు మావే అని ఉంటది. 'టీటీఎక్స్' అనే పనిముట్టుతో ఆ ఒక్క టేబుల్ బయటికి తీస్తే బండారం తెలుస్తది. ఓఎఫ్‌ఎల్‌లో 'రిజర్వ్‌డ్ ఫాంట్ నేమ్' అని రాసి ఉంటే, ఒక్క ఒత్తు సవరించినా అదే పేరుతో పంచొద్దు. అసలు ఫాంటు గీసిన మూల ఫైలు ఉన్నదా, దాన్ని ఫాంట్‌ఫోర్జ్‌తోనో ఫాంట్‌మేక్‌తోనో డెబియన్‌లోనే కట్టొచ్చా, లేక ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఉంటేనే తెరుచుకుంటదా? అక్షరాలు గీసి చూపెట్టే 'హెచ్‌బీ-వ్యూ' తో 'రాష్ట్రం', 'స్త్రీ', 'లక్ష్మి' గీయించి చూసిండ్రా? ఒత్తులు పక్కకు జారిన ఫాంటుకు లైసెన్సు ఎంత శుద్ధంగున్నా ఏం ఫాయిదా?

ఇంకో ముచ్చట. మన దగ్గర కాలేజీలు ఎక్కువ. ప్లేస్‌మెంట్ల సీజను దగ్గరపడ్డదంటే నీ ఇంట్లో పుట్టుకలు జోరందుకుంటయి. రెజ్యూమేలో 'డెబియన్ కాంట్రిబ్యూటర్' అని రాసుకునేతందుకు ఒక ఐటీపీ నంబరు సరిపోతదని నమ్మించింది నువ్వే. ఆ తర్వాత పిల్లలు ప్యాకేజీ నమూనా తయారుచేసే డీహెచ్-మేక్ నడిపిస్తరు. అది పడేసిన నమూనా ఫైళ్లు అట్లనే ఉంటయి. చేంజ్‌లాగ్‌లో 'అన్‌రిలీజ్డ్' అట్లనే ఉంటది. సొంత ల్యాప్‌టాప్‌లో బిల్డ్ అయితది గాని, అదనంగ ఏమీ లేని శుభ్రమైన ఎస్‌బిల్డ్ పెట్టెలో పెట్టంగనే ఆగిపోతది. ఎందుకంటే బిల్డ్ నడిచేటప్పుడు పిప్‌తోనో ఎన్‌పీఎంతోనో నెట్ మీద నుంచి గుంజుకుంటున్నది. మెయిన్‌లోకి పోయే ప్యాకేజీ బిల్డ్‌లో నెట్‌ను ముట్టొద్దు. కావాల్సిన ప్రతి లైబ్రరీ డెబియన్‌లో ముందే ఉండాలె. లేకుంటే దానికో ఐటీపీ, దాని కింది దానికో ఐటీపీ. ఒక చిన్న రస్ట్ ప్రోగ్రాము కోసం ఎన్ని లైబ్రరీలు తేవాలెనో లెక్క చూసుకున్న నాడే చాలామంది కనపడకుంట పోతరు. పిల్లలను అనేదేం లేదు. ఈ లెక్క ముందు చూసుకో అని నీ దరఖాస్తులో ఒక్క గడి లేదు, తప్పు నీదే.

అన్నిటికన్నా పెద్ద గడి నువ్వు మర్చిపోయినవు. తెచ్చినంక చూసుకునేదెవరు? 2025 ఆగస్టు 9న ట్రిక్సీ అనే స్టేబుల్ (స్థిరమైన) విడుదల వచ్చింది. ఒక స్టేబుల్ విడుదలకు మూడేండ్ల భరోసా, ఎల్‌టీఎస్ అనే పొడిగింపుతో కలిపి ఐదేండ్లు. ఇయ్యాల ఉత్సాహంగ తెచ్చిన ప్యాకేజీలో నాలుగో ఏడు సెక్యూరిటీ రంధ్రం బయటపడితే, అసలు రాసినోళ్లు కొత్త వెర్షను వేసుకో అని చెప్పి చేతులు దులుపుకుంటరు. స్టేబుల్‌లో కొత్త వెర్షను అంత తేలిగ్గ వెయ్యరు, ఆ సవరణ ఒక్కదాన్నే పాత కోడ్‌కు అతికించాలె. ఆ భాష వచ్చినోడు కావాలె. ఒక్కని పేరు కాక ఒక టీం పేరు మీద పెడితే కొంత నయం. ఫాంట్లకు ఒక టీం ఉన్నది, పైథాన్‌కు ఉన్నది, రస్ట్‌కు ఉన్నది. ఇసొంటిది డెబియన్‌లో ఇప్పటికే ఉన్నదా అని అడిగేటోళ్లు ఉన్నరు, పేరు బాగలేదనేటోళ్లు ఉన్నరు. చూసుకునేదెవరని అడిగేటోళ్లే తక్కువ.

ఒకవేళ అన్నీ దాటి, అప్‌లోడ్ హక్కున్న డెవలపర్ ఒకరు స్పాన్సర్ చేస్తే, చేంజ్‌లాగ్‌లో 'క్లోజెస్' అని నీ నంబరు రాసి కొత్త ప్యాకేజీల 'న్యూ' క్యూలో పెడతరు. అక్కడ కొత్త ప్యాకేజీలను పరిశీలించే టీం వాళ్లు కాపీరైట్ ఫైలును అసలు కోడ్‌తో సరిపోల్చి చూస్తరు. వాళ్లూ వాలంటీర్లే, వేళ్ల మీద లెక్కపెట్టేటంతమంది. రోజులు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. ఈ మొదటి అప్‌లోడ్‌లో సోర్సుతోపాటు బైనరీ (నడిపించేతందుకు కట్టిన ఫైలు) సుత పంపాలె. అంగీకారం వచ్చిందని పండుగ చేసుకొని ఊకుంటే మళ్లా తప్పే. మనం కట్టి పంపిన బైనరీ, తర్వాతి స్టేబుల్ తయారయ్యే టెస్టింగ్‌లోకి పోదు. వెర్షను చివరన '-2' పెట్టి సోర్సు మాత్రమే ఇంకోసారి అప్‌లోడ్ చెయ్యాలె. అప్పుడు పెద్ద లోపాలేం బయటపడకుంటే, మామూలు తొందర మీద దాదాపు ఐదు రోజులకు పోతది.

కాబట్టి అన్నా, నీ ఇంట్ల పాత రాళ్లు తీసెయ్యి. చెయ్యలేనని తెలిసినోడు సిగ్గుపడకుంట నిన్ను ఆర్‌ఎఫ్‌పీ ('రిక్వెస్ట్ ఫర్ ప్యాకేజ్') చెయ్యాలె, ఇది డెబియన్‌లోకి వస్తే బాగుండు అనే కోరిక మాత్రం మిగులుతది. బగ్ ట్రాకర్ కంట్రోల్ అడ్రసుకు ఒక మెయిల్ చాలు. మొదటి లైన్‌లో 'రీటైటిల్', నీ నంబరు, కొత్త శీర్షిక. రెండో లైన్‌లో 'నోఓనర్', నీ నంబరు. తీసుకునేటోడు ముందుగాల పాత ఓనరుకు రాసి, జవాబుకు కొన్ని వారాలు ఆగి, తర్వాత 'ఓనర్', నీ నంబరు, ఆశ్చర్యార్థకం అని పంపితే అతని పేరు మీదికి వస్తది. రెండిట్లోనూ ఆఖరి లైన్‌లో 'థ్యాంక్స్' అని రాయాలె. మర్యాదకని కాదు, ఆ మాట కాడ రోబో చదువుడు ఆపుతది. రాయకుంటే కింద సంతకంలోని కాలేజీ పేరును, డిపార్ట్‌మెంటును సుత ఆజ్ఞలే అనుకొని, ఇది నాకు అర్థం కాలేదని తిరుగు మెయిల్ కొడతది.

ఇట్లు,
హన్మకొండ డెబియన్ వాలంటీర్లు