1983 నాటి సరుకుల చీటీతో 2025 దాకా కూలి లెక్క

వ్యవసాయ కూలీల ధరల సూచీ అని ఒకటుంది, కూలి కుటుంబాలు కొనే సరుకుల ధరలు ఎంత పెరిగాయో చెప్పే అంకె. 2025 మే నెల దాకా అది 1300 పైన ఉండేది, జూన్ నుంచి 130ల్లోకి వచ్చింది. ధరలేమన్నా పదో వంతుకు పడిపోయాయా అంటే అదేం లేదు, కేంద్ర కార్మిక శాఖలోని లేబర్ బ్యూరో ఆధార సంవత్సరాన్ని, అంటే 100 అనుకుని లెక్క మొదలుపెట్టే ఏడాదిని, 1986-87 నుంచి 2019కి మార్చింది. టీవీల్లో దీని గురించి ఎవరైనా అరగంట మాట్లాడగా నేను చూడలేదు. అదే ఉద్యోగుల డీఏ ఒక్క శాతం అటూ ఇటూ అయితే రెండ్రోజులు స్క్రోలింగ్ ఆగదు.

ఆధార సంవత్సరం మార్చారనగానే చాలామందికి వచ్చే అనుమానం ఒకటే: గవర్నమెంటు ఏదో కిటుకు చేసి ధరలు తక్కువగా చూపిస్తోందని. నాకు మాత్రం ఈ కేసులో దాదాపు నలభై ఏళ్లు మార్చకుండా ఊరుకోవడమే పెద్ద తప్పు అనిపిస్తుంది.

ఎందుకో చెప్తాను. ఏ ఏడాదిని 100 అనుకున్నా నిజానికి పెద్ద తేడా రాదు, కొలత ఎక్కడ మొదలుపెట్టామన్నదే మారుతుంది. అసలు సంగతి దాంతో పాటు మారే వెయిటేజీల్లో ఉంది, అంటే ఒక కుటుంబం ఖర్చు పెట్టే ప్రతి వంద రూపాయల్లో బియ్యానికి ఎంత, నూనెకు ఎంత, బట్టలకు, మందులకు ఎంత అన్న పంపకం. వ్యవసాయ కూలీల పాత సూచీకి ఈ పంపకం జాతీయ శాంపిల్ సర్వే వాళ్లు 1983లో ఇంటింటికీ తిరిగి రాసుకున్న లెక్కల నుంచి వచ్చింది. ఎన్టీఆర్ తొలిసారి ముఖ్యమంత్రి అయి కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చిన ఏడాది అది. అప్పుడు కూలి కుటుంబం వంద ఖర్చు పెడితే అందులో 69 రూపాయలు తిండికే పోయేవి. ఆ 69 మొన్నటిదాకా అలాగే ఉండిపోయింది.

మా మేనత్తకు ఊళ్లో చిన్న కిరాణా కొట్టు ఉండేది. ఆమె పాత అరువు పుస్తకం ఒకటి చాలాకాలం మా ఇంట్లో పడి ఉండేది, అట్ట ఊడిపోయి, నూనె మరకలతో. ఒక్కో పేరు కింద వరసగా అవే పద్దులు: నూకలు, కిరసనాయిలు, చింతపండు, ఎండుమిరప, బీడీ కట్ట, మళ్లీ నూకలు. ఇప్పుడు అదే ఊళ్లో కూలికి వెళ్లే మనిషి ఇంట్లో బియ్యం రేషన్‌లో ఉచితంగా వస్తున్నాయి, డబ్బులు పోయేది గుడ్లకు, గ్యాసుకు, బండిలో పెట్రోలుకు, ఫోన్ రీచార్జికి, పిల్లాడి స్కూలు ఆటోకి, ఒంట్లో బాగోకపోతే ఆర్‌ఎంపీ దగ్గరికి. 2023-24 గృహ వినియోగ సర్వే ప్రకారం గ్రామీణ కుటుంబాల ఖర్చులో తిండి వాటా 47 శాతం, మొత్తం ఖర్చులో తిండిగింజలది సుమారు 5 శాతమే. ఇది మొత్తం గ్రామాల సగటు, కూలీల ఇళ్లలో తిండి వాటా ఇంకాస్త ఎక్కువే ఉంటుంది, కానీ 69 దగ్గర ఆగి ఉందంటే ఎవరూ నమ్మరు.

చిన్న లెక్క వేద్దాం, ఈ అంకెలు నేను అనుకున్నవే. తిండి ధరలు 2 శాతం, మిగతావన్నీ 6 శాతం పెరిగాయనుకోండి. పాత పంపకంలో సూచీ పెరిగేది సుమారు 3.2 శాతం, తిండికి సగం మిగతావాటికి సగం అనుకుంటే 4 శాతం. రోజుకూలి 300 అయితే తేడా రెండు రూపాయల పైచిలుకు. వంద రోజులకు రెండొందల ముప్పై దాకా. తీసిపారేసే మొత్తమా అంటే, ఆ డబ్బు లేనివాళ్లనే అడగాలి. ఇది ఎప్పుడూ కూలీకి నష్టమే అని కూడా చెప్పలేం సుమా. ఉల్లి, పప్పు, నూనె మండిపోయిన ఏడాది 69 వెయిటేజీ ఉన్న పాత సూచీయే ఎక్కువ పెరుగుతుంది, కూలికి అదే లాభం. కాబట్టి కొత్త సిరీస్ రాగానే వేతనాలు పెరిగిపోతాయని ఎవరైనా ఆశపెడితే నమ్మకండి.

ఈ సూచీ వట్టి కాగితం మీది అంకె కాదు. ఉపాధి హామీ కూలిని 2011 నుంచి దీంతోనే ముడిపెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ కూలి 2023-24లో 272, తర్వాతి ఏడాది 300, ఆ తర్వాత 307. తెలంగాణలో ఎంతా అంటే 272, 300, 307. ఒక్క రూపాయి తేడా లేదు! పాత సూచీ 20 రాష్ట్రాలదే, ఆ జాబితా నాటికి తెలంగాణ పుట్టనే లేదు. కొత్త దాంట్లో రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు కలిపి 34 ఉన్నాయి, ధరలు రాసుకునే ఊళ్లు 600 నుంచి 787 అయ్యాయి.

ఈ సూచీ పనికిరాదని ఎవరూ చెప్పలేదా అంటే చెప్పారు. ఉపాధి కూలి సవరణపై కేంద్రం వేసిన ఎస్. మహేంద్ర దేవ్ కమిటీ చెప్పింది, తర్వాత 2017లో నాగేశ్ సింగ్ కమిటీ కూడా గ్రామీణ వినియోగదారుల ధరల సూచీకి మారండనే చెప్పింది. సిఫారసులు ఫైళ్లలోనే ఉండిపోయాయి. మనందరికీ తెలిసిన రిటైల్ ద్రవ్యోల్బణం సూచీ కూడా 2012 దగ్గరే ఇరుక్కుపోవడానికి ఇలాంటిదే ఒక కారణం ఉంది: 2017-18లో చేసిన వినియోగ సర్వేని నాణ్యత బాగాలేదంటూ కేంద్రం 2019లో పక్కన పెట్టేసింది, కొత్త సర్వే లేనిదే కొత్త వెయిటేజీలు ఎక్కడి నుంచి తెస్తారు? చివరికి 2024 ఆధారంగా కొత్త సిరీస్ 2026 ఫిబ్రవరిలో వచ్చింది, తిండి వాటా 45.86 నుంచి 36.75కి దిగింది.

గట్టి యూనియన్ ఉన్నచోట కథ వేరు. పారిశ్రామిక కార్మికుల సూచీ 1960 నుంచి 1982కి, అక్కణ్నించి 2001కి, 2020లో మళ్లీ 2016కి మారింది. బ్యాంకు ఉద్యోగులైతే ఇటీవలి వేతన ఒప్పందం దాకా డీఏని ఇంకా 1960ని 100 అనుకున్న పాత సూచీ పాయింట్లలోకి మార్చుకునే లెక్క కట్టుకున్నారు, 2.88తో, 4.63తో, 4.93తో హెచ్చవేసుకుంటూ. అంకె ఎనిమిది వేలు దాటినా వాళ్లకి టెన్షన్ లేదు, ఎందుకంటే మధ్యలో వెయిటేజీలు మూడుసార్లు మారాయి, పాయింట్ల పేరు మాత్రమే పాతది.

ఆ హెచ్చవేత అంకెనే లింకింగ్ ఫ్యాక్టర్ అంటారు. వ్యవసాయ కూలీల సూచీకి అది 9.69. కొత్త అంకెను దీంతో గుణిస్తే పాత వరసలోకి వస్తుంది, కూలి ఎక్కడా తెగదు, ఒక్క రూపాయి తగ్గదు. బాగానే ఉంది. కానీ ఆ 9.69లోనే 1983 పంపకంతో కొలిచిన దశాబ్దాల పెరుగుదల గడ్డకట్టి ఉంది. అందులో తక్కువ కొలిచిన ఏళ్లు ఉంటే వాటిని కొత్త సిరీస్ సరిచేయదు, అక్కడి నుంచి ముందుకే వెళ్తుంది. మా అత్త మాత్రం కొత్త పుస్తకం కుట్టించిన ప్రతిసారీ మొదటి పేజీలో, సరుకుల కంటే ముందు, ఎర్ర సిరాతో పాత బాకీ ఎక్కించేది.