ఆకాశం మీద ఇష్టాన్ని బొమ్మ టెలిస్కోప్‌తో చంపకండి

పెద్దయ్యాక ఏమవుతావని అడిగితే రాకెట్ ఎక్కుతానని చెప్పిన పిల్లలు బెజవాడ, గుంటూరుల్లో వీధికి పదిమంది ఉంటారు. శ్రీహరికోట మన రాష్ట్రంలోదే. మన వైపు పుట్టిన శిరీష బండ్ల 2021 జులైలో అంతరిక్షపు అంచుదాకా వెళ్లొచ్చారు కూడా. మిగతావాళ్లు ఎంపీసీ, బీటెక్, ఉద్యోగం, ఇంటి లోను. అందులో తప్పేం లేదు, నా కోపం దాని మీద కాదు. నలభై దగ్గరపడి చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నప్పుడు ఆ పాత కోరిక మళ్లీ తలెత్తుతుంది చూడండి, సరిగ్గా అప్పుడు ఆ మనిషికి డబ్బా మీద ‘525 రెట్లు’ అని అచ్చేసిన టెలిస్కోప్ అంటగడుతున్నారు. నాలుగు రాత్రులు కుస్తీ పట్టాక అది అటకెక్కుతుంది. ‘ఇదంతా మనవల్ల కాదులే’ అన్న మాట మాత్రం మనసులో ఉండిపోతుంది. అది అన్యాయం. తప్పు మనిషిది కాదు, వస్తువుది.

ఆ 525 ఎలా వచ్చిందో చూడండి. ముందు కటకం వెడల్పు 60 మిల్లీమీటర్లు, ఫోకల్ లెంగ్త్ (కటకం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం) 700. కూడా ఇచ్చే ఐపీసుల్లో (కన్ను ఆనించి చూసే చిన్న కటకాల్లో) చిన్నది 4 మిల్లీమీటర్లది. 700ని 4తో భాగిస్తే 175. దానికి 3 రెట్ల బార్లో, అంటే రెట్లు పెంచే అదనపు కటకం, తగిలిస్తే 525. లెక్క తప్పు కాదు, కానీ ఏ టెలిస్కోప్‌కైనా పనికొచ్చే రెట్లు, మిల్లీమీటర్లలో కటకం వెడల్పుకు మహా అయితే రెండింతలు. 60కి 120. అది దాటితే బొమ్మ పెద్దదవుతుంది గానీ వివరం పెరగదు, మసకబారుతుంది. పైగా ఆకాశం నిమిషానికి పావు డిగ్రీ జరుగుతూ ఉంటుంది. 175 రెట్ల దగ్గర కనిపించే ముక్కే అంత ఉంటుంది. అంటే గురుగ్రహాన్ని మధ్యలోకి తెచ్చి, పిల్లాణ్ని పిలిచి, వాడు కన్ను ఆనించేలోపే గ్రహం బయటికి పోయింది. వెతుకుదామని గొట్టం ముట్టుకుంటే సన్న అల్యూమినియం కాళ్లు ఊగుతాయి. ఇక విసుగు రాక ఏమొస్తుంది?

ఇప్పటికే అలాంటిది ఇంట్లో ఉంటే పారేయకండి. బార్లో, 4 మి.మీ. ఐపీసు తీసి పక్కన పెట్టేయండి. 20 మి.మీ. ఐపీసొక్కటే వాడండి, 35 రెట్లు వస్తుంది. స్టాండు కాళ్లు పూర్తిగా సాగదీయకుండా, మధ్యలో రెండు కిలోల ఇసుక సంచి వేలాడదీసి, కుర్చీలో కూర్చుని చూడండి. చంద్రుడి గుంతలు, గురుడి నాలుగు చందమామలు, శని వలయం అన్నీ అందుతాయి. శని వలయాలు 2025 మార్చిలో మనవైపు అంచు తిప్పి గీతలా సన్నబడ్డాయి. అప్పట్నుంచి ఏటేటా విచ్చుకుంటున్నాయి.

కొత్తగా కొనేవాళ్లకు నా సలహా ఒకటే: మొదట 10x50 బైనాక్యులర్, అంటే పది రెట్లు, ముందు కటకాలు 50 మి.మీ. దుకాణంలోనే దూరంగా ఉన్న సెల్ టవర్ కొస చూడండి. రెండుగా కనబడినా, కళ్లు లాగినా ఆ పీసు వద్దు, రెండు గొట్టాలూ ఒక వరసలో లేవన్నమాట. చేతులు వణుకుతాయి కాబట్టి పిట్టగోడ మీద మోచేతులు ఆనించి చూడాలి. ఒక ఏడాది దాంతో చుక్కల దారులు తెలిశాక, ఇష్టం నిలబడితే 150 మి.మీ. అద్దం, 1200 ఫోకల్ లెంగ్త్ ఉన్న డాబ్సోనియన్ అనే అద్దం టెలిస్కోప్. 25 మి.మీ. ఐపీసుతో 48 రెట్లు, 10తో 120. కింద చెక్కపెట్టె లాంటి బేస్ ఉంటుంది, ఊగదు.

దానికి మన ఊళ్లలో వచ్చే తిప్పలు ఏ మాన్యువల్లోనూ ఉండవు. ఏప్రిల్, మే నెలల్లో డాబా స్లాబు పగలంతా కాగి, రాత్రి పదకొండైనా సెగ కక్కుతూనే ఉంటుంది. ఆ సెగలో గ్రహం నీళ్లలో నీడలా కదులుతుంది. అద్దం పాడైందనుకుని మరలు తిప్పకండి. సాయంత్రం ఆరింటికే డాబా మీద నీళ్లు చల్లి, టెలిస్కోప్‌ని గంట ముందే బయటపెట్టాలి. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ మీదుగా అసలు చూడొద్దు. డిసెంబరు, జనవరుల్లో బాధ మంచుది. తడిసిన అద్దం మీద మూత పెట్టి గదిలోకి తెస్తే డెల్టా తేమకు సాలెగూడు పోగుల్లా బూజు పాకుతుంది, అది పూతను తినేస్తుంది. మూత తీసి ఫ్యాను గాలికి ఆరనిచ్చి, ఆ తర్వాతే మూయాలి. ఐపీసుల పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, రంగు మారగానే మార్చాలి. అద్దం మీద దుమ్ము కనబడిందని పంచె కొంగుతోనో కర్చీఫుతోనో తుడిచారంటే అల్యూమినియం పూతకు గీతలే. కొద్దిపాటి దుమ్ము వల్ల నష్టం లేదు, వదిలేయండి.

సూర్యుణ్ని చూడాలంటే దానికోసమే చేసిన ఫిల్టరు గొట్టం ముందు భాగానికే, పూర్తిగా కప్పేలా బిగించాలి. ఐపీసుకు మరతో బిగించే చిన్న నల్ల గాజు ఉంటుంది, దాన్ని పగలగొట్టి పారేయండి. వేడికి అది పగిలిన క్షణంలో కన్ను పోతుంది. ఈ మాట గుంటూరు వాళ్లు మరీ గుర్తుంచుకోవాలి, ఎందుకంటే సూర్యుణ్ని చూడటంలో ఆ ఊరికి పేరుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ గ్రహణం చూడటానికి ఫ్రాన్స్ నుంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ వచ్చి దిగింది గుంటూరులోనే. సూర్యుడి అంచున ఎగసే జ్వాలలను గ్రహణం లేకపోయినా స్పెక్ట్రోస్కోప్‌తో (వెలుగును రంగుల గీతలుగా విడదీసే పరికరంతో) చూడొచ్చని మర్నాడే అక్కడ రుజువు చేశారు. ఆ గ్రహణంలో కనబడ్డ పసుపు గీత నుంచే హీలియం సంగతి మొదలైంది. మన పిల్లలు హీలియం అణుసంఖ్య బట్టీపడతారు, గుంటూరు పేరు ఎవరూ చెప్పరు. నాకిది నిజంగా బాధ.

‘మన ఊళ్లో లైట్లెక్కువ, ఏమీ కనపడవు’ అనేవాళ్లకు ఒక మాట. చంద్రుడికీ గ్రహాలకీ బెజవాడ బెంజి సర్కిల్ అయినా ఒకటే. మసక వస్తువులకు మాత్రం బయటికి వెళ్లాలి. మే నెలలో రాత్రి తొమ్మిదిన్నరకి బాపట్ల దగ్గర సూర్యలంకలో దక్షిణంగా చూడండి, ముందంతా సముద్రమే. నీళ్లూ ఆకాశం కలిసే గీత నుంచి ఇరవయ్యారు డిగ్రీల ఎత్తున, చాచిన చేతి పిడికిళ్లు రెండున్నర పేర్చినంత పైన, ఒమెగా సెంటారీ ఉంటుంది. లక్షల చుక్కల ముద్ద. బైనాక్యులర్‌లో గుండ్రటి పొగమచ్చలా తెలుస్తుంది. లండన్‌లో ఎంత ఖరీదైన టెలిస్కోప్ ఉన్నా అది కనపడదు, అక్కడ అసలు ఉదయించదు. అద్దం టెలిస్కోప్‌ని మాత్రం బీచ్‌కి తీసుకెళ్లకండి, ఉప్పుగాలి, ఇసుక రెండూ దానికి శత్రువులే.

‘సరదాకి చూడటమేనా, ఉపయోగమేంటి’ అని అడిగేవాళ్లు రాధాగోవింద చంద్ర గురించి తెలుసుకోవాలి. ఇప్పటి బంగ్లాదేశ్‌లోని జెస్సోర్ ట్రెజరీలో గుమాస్తా. మూడంగుళాల టెలిస్కోప్‌తో మొదలుపెట్టి, వెలుగు మారే నక్షత్రాల మీద 37 వేలకు పైగా పరిశీలనలు అమెరికాలోని ఏఏవీఎస్‌ఓ అనే సంఘానికి పంపారు. ఆ సంఘం ఈనాటికీ ఎవరు పంపినా తీసుకుంటుంది.

అలా మొదలుపెట్టడానికి టెలిస్కోప్ కూడా అక్కర్లేదు. ఆర్ద్ర నక్షత్రం చాలు, ఇంగ్లిష్‌లో బెటెల్‌జూస్ అనే ఎర్ర చుక్క. 2019 చివర్లో అది ఎంత తగ్గిందంటే, మామూలు కంటికే తేడా తెలిసింది. పద్ధతి ఇది: ఇరవై నిమిషాలు ఫోను ముట్టకుండా చీకట్లో కూర్చోండి. ఆర్ద్రను రోహిణితోనూ, ప్రోసియాన్ అనే చుక్కతోనూ పోల్చండి. రోహిణి వెలుగు 0.9, ప్రోసియాన్ 0.4, అంకె తగ్గితే వెలుగు ఎక్కువ. రెంటికీ సరిగ్గా మధ్యలో అనిపిస్తే 0.6 లేదా 0.7 అని రాయండి. మూడూ దాదాపు ఒకే ఎత్తులో ఉన్నప్పుడే పోల్చాలి, కిందికి దిగిన చుక్క దుమ్ములో మసకబారి మోసం చేస్తుంది. ఎర్రగా ఉన్న చుక్కను తదేకంగా చూస్తే ఉన్నదానికంటే వెలుగ్గా అనిపిస్తుంది, అందుకని చటుక్కున చూసి చూపు తిప్పేయండి. సమయంలోంచి ఐదున్నర గంటలు తీసేసి అంతర్జాతీయ సమయం వేయండి. నిన్నటి అంకె చూసి ఇవాళ్టిది రాయొద్దు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వారానికోసారి రాస్తే చాలు. ఆర్ద్ర కార్తెకి సూర్యుడు ఆ నక్షత్రం వైపే ఉంటాడు కాబట్టి జూన్, జులైల్లో పేజీ ఖాళీగానే ఉంటుంది. ఆగస్టులో మబ్బు విడిచిన ఏ తెల్లవారుజామునైనా తూర్పున చూసి మళ్లీ రాయడం మొదలుపెట్టొచ్చు.