ఆ నాలుగు సన్నివేశాలు ఆడించకండి

బి.ఇడి. కళాశాలల అధ్యాపకుల వాట్సాప్ బృందాల్లో ఒక సందేశం తిరుగుతోంది. మనోవిజ్ఞాన శాస్త్ర చరిత్రను పుస్తకం పట్టుకుని చెప్పడం దండగట. సిద్ధంగా ఉన్న నాలుగు సన్నివేశాలను తరగతిలో ఆడిస్తే గంటలో చరిత్రంతా వచ్చేస్తుందట, ముందుగా ఏమీ చదవక్కర్లేదట. తరగతిలో వేషాలు వేయించే అలవాటు నాకూ ఉంది. అందుకే నా పేచీ నాటకంతో కాదు, వాళ్లు రాసిచ్చిన మాటలతో.

మొదటి సన్నివేశంలో 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో మనోవిజ్ఞానవేత్త వుంట్ రిబ్బను కత్తిరించి ప్రయోగశాల తెరుస్తారు. ఒక విద్యార్థి కళ్లు మూసుకుని మనసులో మెదిలినదల్లా చెబుతాడు. అలాంటి ప్రారంభోత్సవమేదీ జరగలేదు. ఆ ఏడాది వుంట్ విద్యార్థులు అక్కడ సొంత పరిశోధనలు మొదలుపెట్టారు, అంతే. విశ్వవిద్యాలయం ఆ ప్రయోగశాలను అధికారికంగా గుర్తించింది 1883లో. అమెరికాలోని హార్వర్డ్‌లో మనోవిజ్ఞానవేత్త విలియం జేమ్స్ అంతకు ముందే, 1875 నాటికే బోధన కోసం పరికరాలు సమకూర్చుకున్నారు. ఇక కళ్లు మూసుకుని మనసు విప్పడం వుంట్ పద్ధతే కాదు. చప్పుడు వినగానే మీట నొక్కడానికి సెకనులో ఎన్నో వంతు పడుతుందో ఆయన ప్రయోగశాలలో కొలిచేవారు. పైగా ఇవాళ కొలిచినవాడు రేపు కొలతకు కూర్చునేవాడు. గురువుగారూ కూర్చునేవారు. పాత్రలు మార్చుకోవడం అక్కడ రోజువారీ పని. ఇంత మంచి నాటకం చేతిలో ఉండగా రిబ్బను ఎందుకో!

రెండో సన్నివేశం 1909లో అమెరికా చేరుతున్న ఓడ మీద. వీళ్లకు మనం ప్లేగు తెస్తున్నామని తెలియదు పాపం అంటూ, ప్లేగంటే తన మనోవిశ్లేషణ అన్న అర్థంలో, ఫ్రాయిడ్ తోటి మనోవైద్యుడు యుంగ్‌తో చెబుతారు. ఈ మాట ఫ్రాయిడ్ రాతల్లో లేదు, యుంగ్ జ్ఞాపకాల్లోనూ లేదు. యుంగే తనకు చెప్పారంటూ 1955లో ఫ్రెంచ్ మనోవిశ్లేషకుడు లకాన్ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. ఆ ప్రయాణాన్నే ఆడించాలనుకుంటే ఓడ దిగి క్లార్క్ విశ్వవిద్యాలయానికి వెళ్లండి. ఫ్రాయిడ్ జర్మన్‌లో ఇచ్చిన అయిదు ఉపన్యాసాలున్నాయి, వినడానికి వచ్చిన విలియం జేమ్స్ ఉన్నారు.

మూడోది ఆల్బర్ట్ కథ. టెట్‌కు చదివే ప్రతివారికీ కంఠతా వచ్చిన కథే. అమెరికన్ మనోవిజ్ఞానవేత్త వాట్సన్ ఆల్బర్ట్ అనే పసివాడికి తెల్ల ఎలుకను చూపించి పెద్ద చప్పుడు చేశారు, ఆ పసివాడు బొచ్చున్న ప్రతిదానికీ జీవితాంతం భయపడ్డాడు అని సందేశం ముగిస్తుంది. జీవితాంతం అన్న మాటకు ఆధారమేది? ప్రయోగం అయిపోయాక పిల్లవాణ్ణి ఆసుపత్రి నుంచి తీసుకెళ్లిపోయారు. ఆ ప్రయోగం గురించి వాట్సన్ బృందం 1920లో రాసిన వ్యాసంలో జీవితాంతపు కబురేదీ లేదు. నెల రోజుల విరామం తర్వాత పరీక్షించినప్పటికే భయం తగ్గిందని వాళ్లే రాశారు. మధ్యలో కుందేలునూ కుక్కనూ చూపిస్తూ కూడా సుత్తితో ఉక్కు కడ్డీని మోగించారు. కాబట్టి ఎలుక భయమే దానంతట అది వాటికీ పాకిందని చెప్పడం అంత తేలిక కాదు. ఇంకో సంగతి, ఆ వ్యాసానికి సహ రచయిత్రి రోజలీ రేనర్. సన్నివేశంలో ఆమెకు వేషమే లేదు. నన్నడిగితే ఇక్కడ ఆడించాల్సింది మనోవిజ్ఞానవేత్త మేరీ కవర్ జోన్స్ 1924లో ప్రకటించిన పీటర్ కథ. పిల్లవాడు తిండి తింటుండగా కుందేలును దూరం నుంచి కొంచెం కొంచెంగా దగ్గరకు జరుపుతూ భయం పోగొట్టారు. తరగతి గది పొడవు అందుకు సరిగ్గా సరిపోతుంది.

నాలుగోది నిజంగా ప్రమాదకరం. సగం మంది గార్డులు, సగం మంది ఖైదీలు, గంటసేపు వదిలేయండి, యూనిఫాం ఇస్తే మంచివాడు తనంతట తానే క్రూరుడవుతాడని చూడండి అంటారు. 1971 ఆగస్టులో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మనోవిజ్ఞానవేత్త జింబార్డో ఉత్తుత్తి జైలు పెట్టి చేసిన ప్రయోగానికి ఇది నకలు. రెండు వారాలనుకున్నది ఆరు రోజులకే ఆపాల్సి వచ్చింది. ఆ సంగతి తెలిసీ విద్యార్థులను గంటసేపు వదిలేయమనడం ఏం బాధ్యత? చరిత్రగా చూసినా అది తప్పే, ఎందుకంటే అక్కడి గార్డులు పూర్తిగా తమంతట తామే క్రూరులయ్యారని చెప్పలేం. ఖైదీలకు తాము నిస్సహాయులమనిపించాలని జింబార్డో గార్డులకు ముందే చెప్పారు. మెతకగా ఉన్న ఒక గార్డును కఠినంగా ఉండమని వార్డెన్ పాత్రధారి ఒత్తిడి చేయడం టేపుల్లో రికార్డయింది. అందరికన్నా క్రూరంగా ప్రవర్తించిన గార్డు తాను కావాలనే ఒక వేషం కట్టానని తర్వాత చెప్పాడు. గార్డులందరూ అలా మారనూ లేదు. అంటే దర్శకుడున్న నాటకాన్ని మానవ స్వభావంగా చూపించారన్నమాట. దాన్నే దర్శకుడు లేడని చెప్పి మళ్లీ ఆడించమంటున్నారు.

చివరగా, చదవక్కర్లేదన్న మాట. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని పేరు పడింది. 1904లో పరిశీలక బృందం చూసి మోసమేమీ లేదంది. ప్రశ్న అడిగేవాడికి జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియదని పరిశోధకుడు ఆస్కార్ ఫుంగ్స్ట్ కనిపెట్టారు. తర్వాత ఆయనే ప్రయోగశాలలో గుర్రం పాత్ర వేశారు. ఎదుటివాడు ఒక అంకె తలచుకుంటాడు, ఈయన చేత్తో తడుతూ పోతారు, అంకె రాగానే అతని తల తెలియకుండానే కొద్దిగా కదులుతుంది, ఈయన ఆపేస్తారు. దీన్ని తరగతిలో ఆడించడానికి ఒక బల్ల చాలు. కానీ గుర్రం వేసే విద్యార్థి తన చేతిని కాదు, ఎదుటివాడి తలను చూడాలి. ఆ సంగతి అతనికి ముందే తెలియాలంటే ఫుంగ్స్ట్ 1907లో రాసినది ఎవరో ఒకరు చదివి ఉండాలి.