మోర్‌ఓవర్ గారికి ఒక ఉత్తరం

శ్రీకాకుళం,
ఏడురోడ్ల జంక్షన్ దగ్గర.

మహారాజశ్రీ మోర్‌ఓవర్ గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఈ 'ఉభయకుశలోపరి'కి అర్థమేమిటో మా తాతకు తెలీదు. ఆయన చేత ఉత్తరాలు రాయించుకున్నవాళ్లకూ తెలీదు. అయినా అది పడకపోతే ఉత్తరం మొదలైనట్టు కాదు. అంచేత అర్థం తెలియకుండా అతుకుమాట వాడే విద్య ఇంగ్లీషులోంచి మీరొచ్చి మాకు నేర్పిందేమీ కాదు. కాకపోతే తాత ఉత్తరానికి ఒక్కటే వాడేవాడు. నా దగ్గర ఐఈఎల్‌టీఎస్‌ అనే ఇంగ్లీషు పరీక్షకి చదివే పిల్లలు పేరాకి మూడు వాడుతున్నారు.

నిన్న రాత్రి దిద్దిన వ్యాసం చూడండి. రాసినవాడిది పొందూరు. వాడి ఇంగ్లీషు ఇలా నడిచింది: మా నాన్న ఖద్దరు నేస్తారు. మోర్‌ఓవర్, మాకు గేదె ఉంది. ఫర్దర్‌మోర్, ఊళ్లో ఉద్యోగాలు లేవు. దేర్‌ఫోర్, యువత నగరాలకు వెళ్లాలి.

నేతకీ గేదెకీ మధ్య తమరెందుకు దయచేశారండీ? పెళ్లిలో ఏ తరఫువాళ్లో తెలియని పెద్దమనిషి ముందు వరసలో కూర్చున్నట్టు కూర్చున్నారు. లేవమనడానికి ఎవరికీ నోరు రాదు. పైగా పక్కన కామా పెట్టి మర్యాద చేస్తారు.

మీ బావగారు హౌఎవర్ సంగతి మరీ ఘోరం. రెండు పూర్తి వాక్యాల మధ్య ఆయన రావాలంటే ముందు ఫుల్‌స్టాపో సెమీకోలనో ఉండాలి. మావాళ్లు కామాతో ఇరికించేస్తారు, బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపినట్టు. ఇక ఆల్‌దో వచ్చిందంటే వెనకాలే బట్ కూడా దిగుతుంది. ఆ తప్పు మాదే లెండి. 'అయినా కానీ' అనే నోటికి ఒక్కటి ఆనదు.

ఇన్నెందుకురా అంటే, "కోహెషన్‌కి పావువంతు మార్కులు కదా మేస్టారూ" అన్నాడు. నిజమే, కోహెషన్ అంటే వాక్యాల అతుకు, మార్కులు వేసే నాలుగు లెక్కల్లో అదొకటి. పరీక్షవాళ్లు బయటపెట్టిన పట్టికను మాత్రం వాడు పూర్తిగా చదవలేదు. అందులో అతిగా వాడటం అయిదో బ్యాండు (మార్కుల మెట్లలో అయిదోది) లక్షణం, యాంత్రికంగా అతకడం ఆరో బ్యాండుది. తొమ్మిదో బ్యాండులో అతుకు కంటపడటమే అరుదట!

ఇది వాళ్ల నాన్న వింటే నవ్వుతాడు. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, చేత్తో నూలు వడికే ఊరు అది. మగ్గం మీద పోగు తెగితే రెండు కొసలూ వేళ్ల మధ్య నలిపి అతికేస్తాడు. బట్ట చేతికొచ్చాక ఆ చోటు ఎక్కడో చూపించండి చూద్దాం.

కాగితం పక్కన పెట్టి, అసలు నువ్వు చెప్పాలనుకున్నదేమిటో తెలుగులో చెప్పరా అన్నాను.

"మరేటంటే మేస్టారూ, నాన్న పొద్దున్నుంచి రాత్రిదాకా నేసినా ఇల్లు గడవదు. గేదె పాలు అమ్మితే వచ్చిన డబ్బులు దాచి అమ్మ నా ఫీజు కట్టింది. నేనిక్కడే ఉంటే అలగే అయిపోతాను."

నేసినా, అమ్మితే, దాచి, ఉంటే. అప్యర్థకం, చేదర్థకం, క్త్వార్థకం అని బడిలో బట్టీపట్టి మర్చిపోయినవే. అతుకంతా క్రియ తోకలోనే ఉంది. గేదె ఎందుకొచ్చిందో నాకూ అప్పుడే తెలిసింది.

ఇవాళ మళ్లీ రాసి తెచ్చాడు. రెండొందల అరవై మాటలు. గేదె ఉంది, పాలున్నాయి, ఫీజుంది. మీరు లేరు. ఏమీ అనుకోకండి.

ఇట్లు,
ఎర్రసిరా మేస్టారు

తా.క.: లింకింగ్ వర్డ్స్ అంటూ నలభై మాటల పట్టిక మొదటిరోజే బోర్డు మీద రాసింది నేనే. ఇందాక చెరిపేద్దామని డస్టర్ తీసేసరికి కొత్త బ్యాచ్ పిల్లలు సెల్‌లో ఫొటో తీసేసుకున్నారు.