నల్ల స్క్రీన్ తీసేయమనే ముందు మా ఊరొచ్చి చూడండి

వచ్చే నెల నుంచి ఆఫీసులో పుట్టీ బంద్ అట. అదే, దూరంలో ఉన్న సర్వర్‌కి నల్ల స్క్రీన్ మీద అక్షరాల్లో ఆదేశాలిచ్చే ప్రోగ్రాం. అందరూ సర్వర్ స్క్రీన్ మొత్తాన్ని బొమ్మగా తెచ్చి చూపించే రిమోట్ డెస్క్‌టాప్‌లోకి మారాలట. ఇందాకే మీటింగ్‌లో చెప్పారు, నాకింకా ఒళ్ళు మండుతూనే ఉంది. "ఆ నల్ల స్క్రీన్ ఇంకా ఎందుకండీ, పాతకాలపుది" అన్నారు మా మేనేజరు గారు, హైదరాబాద్‌లో ఫైబర్ నెట్ ముందు కూర్చుని.

నేనుండేది పర్లాకిమిడి. ఊరు ఒడిశాలో, పక్కనే ఆంధ్రా పాతపట్నం. మా హాల్లో ఒడిశా టవర్ అందుతుంది, మేడెక్కితే ఆంధ్రా టవర్. గట్టి వాన పడితే రెండూ ఉండవు. ఈ నెట్ మీద రిమోట్ డెస్క్‌టాప్ తెరిస్తే మౌస్ ఇప్పుడు కదిపితే బాణం ఎప్పటికో కదులుతుంది. లాగ్ ఫైల్ సగం కనిపించి, మిగతా సగం మసక గడులుగా ఆగిపోతుంది. పుట్టీలో వెళ్ళేవీ వచ్చేవీ ఉత్త అక్షరాలు, ఎంత చచ్చు సిగ్నల్ అయినా చాలు. లైను తెగిందా, టీమక్స్ అని సర్వర్‌లోనే నడిచే ప్రోగ్రాం ఉంది, అందులో పెట్టిన పని సర్వర్‌లో దాని మానాన అది నడుస్తూనే ఉంటుంది. మళ్ళీ లాగిన్ అయి అందుకోవడమే.

పాతకాలపుదైతే మైక్రోసాఫ్ట్ వాళ్ళు 2018లో విండోస్ 10లోనే ఎస్‌ఎస్‌హెచ్, అంటే పుట్టీ సర్వర్‌తో గుట్టుగా మాట్లాడే పద్ధతి, ఎందుకు పెట్టారు?

పుట్టీకి సెక్యూరిటీ లేదట! అంతకుముందు వాడిన టెల్నెట్‌లో పాస్‌వర్డ్ బట్టబయలుగా పోతుంటే, దొంగలు పట్టుకుంటున్నారనే కదా 1995లో ఫిన్లాండ్‌లో ఎస్‌ఎస్‌హెచ్ పుట్టింది? 2024లో పుట్టీలో ఒక రకం లాగిన్ తాళంచెవులకు (కీలకు) లోపం బయటపడింది, నిజమే. 0.81 వెర్షన్‌లో సరిచేశారు. ఆ కీలు మార్చి, కొత్త వెర్షన్ వేసుకోమనండి. రిమోట్ డెస్క్‌టాప్‌ని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచిపెట్టిన చోట్ల ఫైళ్ళకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ దూరిన సంగతి ఎవరికి తెలియదు? పుట్టీ రాసిన సైమన్ టాథమ్ 1999 నుంచి పైసా తీసుకోకుండా ఇస్తున్నదాన్ని ఒక్క మాటతో చెత్తబుట్టలో వేస్తారా?

అసలు ఈ నల్ల స్క్రీన్, అంటే టెర్మినల్, గురించి అడగాల్సిన మాట వేరే ఉంది, అది మాత్రం ఎవరూ అడగరు. తెలుగు! స్క్రీన్‌ని సమానమైన గడులుగా కోసి, గడికో అక్షరం పెట్టే పద్ధతి 1978 నాటి వీటీ100 అనే టెర్మినల్ యంత్రం కంటే ముందునుంచే ఉంది, ఇప్పటికీ అదే. ఇంగ్లిష్‌కి సరిపోతుంది. కస్టమర్ల ఫైల్‌లో "లక్ష్మి" అని ఉంటే నా స్క్రీన్ మీద క ఒకచోట, ష ఇంకోచోట, గుడి ఎక్కడో. ఆ పేరు సరిగ్గా ఉందో లేదో చూడాలంటే కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించుకోవాలి. తెలుగుకి యూనికోడ్‌లో, అంటే అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్‌లో నంబర్లిచ్చే పట్టికలో, చోటు దొరికింది 1991లో. ఇన్నేళ్ళలో ఎంతమంది తెలుగు ఇంజనీర్లు తయారయ్యారు! ఇది సరిచేయాలని ఎంతమందికి తోచింది?

గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరండీ ఇది. మనం మాట్లాడే తెలుగే రాతలోకి రావాలని ఆయన పోరాడింది ఇక్కడినుంచే. ఏటా ఆగస్టు 29న దండలు వేసి, భాషా దినోత్సవం ఫొటోలు పెట్టే సాఫ్ట్‌వేర్ మిత్రులారా, మీలో ఒక్కరైనా టెర్మినల్‌లో ఒక తెలుగు ఫైల్ తెరిచి చూశారా?