షుగర్ రిపోర్టు బాగున్నంత మాత్రాన పెద్దవాళ్ళ ఒంట్లో సత్తువ ఉన్నట్టు కాదు

“డెబ్బై దాటిన షుగర్ పేషెంటుకు హెచ్‌బీఏ1సీ (క్లుప్తంగా ఏ1సీ, రెండు మూడు నెలల షుగర్ సగటు చూపే రక్తపరీక్ష) 6.5 లోపు ఉండి, బరువు కూడా తగ్గుతుంటే అంతా అదుపులో ఉన్నట్టే. నీరసం, నడక నెమ్మదించడం వయసుతో వచ్చేవి, వాటిని కొలిచే పరీక్షలేమీ లేవు. లావుగా ఉన్నవాళ్ళకు బలహీనత బెంగే లేదు. విశ్రాంతి ఇస్తే సరిపోతుంది.” కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లో ఈ మాటలు రకరకాల రూపాల్లో తిరుగుతుంటాయి. ఇందులో నిలబడే వాక్యం ఒక్కటీ లేదు. ఇది నమ్మితే నష్టపోయేది మన ఇళ్ళలోని పెద్దవాళ్ళే కాబట్టి వరసగా చూద్దాం.

మొదట బరువు సంగతి. తగ్గాలని ప్రయత్నించి తగ్గడం వేరు, తెలియకుండానే తగ్గిపోవడం వేరు. వృద్ధుల్లో ఒంటి సత్తువ సన్నగిల్లే స్థితిని డాక్టర్లు ఫ్రెయిల్టీ అంటారు. 2001లో అమెరికా వైద్యురాలు లిండా ఫ్రీడ్ బృందం దానికి ఐదు గుర్తులు పెట్టింది: ప్రయత్నించకుండా బరువు తగ్గడం, ఎప్పుడూ అలసట, చేతి పట్టు సడలడం, నడక నెమ్మదించడం, కదలికలు తగ్గడం. మూడు ఉంటే ఫ్రెయిల్టీ, ఒకటి రెండు ఉంటే దాని ముందు దశ. ఏడాదిలో 5 శాతం తగ్గితే, అంటే 60 కిలోల మనిషి 3 కిలోలు తగ్గితే, అది మొదటి గుర్తు. షుగర్ ఎక్కువగా ఉండి బరువు తగ్గుతుంటే ఇన్సులిన్ చాలడం లేదేమో చూడాలి. షుగర్ బాగానే ఉండి తగ్గుతుంటే పళ్ళు, ఆకలి, మనోవేదన, థైరాయిడ్, క్షయ, క్యాన్సర్ దాకా వెతకాలి. వాడుతున్న మందుల్లోనూ కొన్ని బరువు తగ్గించేవే.

రెండోది 6.5 అంకె. ఇదే అన్నిటికన్నా ప్రమాదకరం. మందు మోతాదు మారకుండా, ప్రత్యేకంగా ఏమీ చేయకుండా పెద్దవాళ్ళ ఏ1సీ 8 నుంచి 6.3కి దిగివస్తే ఇంట్లో అందరూ సంతోషిస్తారు. నిజానికి తిండి తగ్గిపోయి ఉండొచ్చు. లేదా కిడ్నీల పనితీరు తగ్గి ఇన్సులిన్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మందులు ఒంట్లో ఎక్కువసేపు నిలిచి ఉండొచ్చు. ఆ తరవాత వచ్చేది తెల్లవారుజామున షుగర్ పడిపోవడం, బాత్‌రూమ్‌కి వెళ్తూ తూలిపడటం, తుంటి ఎముక విరగడం. పైగా ఏ1సీ సగటు మాత్రమే, మధ్యలో వచ్చిన లో షుగర్‌లు అందులో కనబడవు. ఇనుము లోపంతో వచ్చే రక్తహీనత ఈ అంకెను పెంచుతుంది. రక్తం పోవడం, రక్తం ఎక్కించడం తగ్గిస్తాయి.

అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కూడా పెద్దలందరికీ ఒకే లక్ష్యం పెట్టలేదు. ఆరోగ్యంగా ఉన్నవారికి 7.0–7.5 లోపు, అనేక జబ్బులతో ఉన్నవారికి 8 లోపు అంటుంది. బాగా క్షీణించినవారికి ఏ1సీ మీద ఆధారపడకుండా, షుగర్ పడిపోకుండా, మరీ పెరిగి ఇబ్బంది పెట్టకుండా చూడమంటుంది. మనిషి వీటిలో ఏ కోవలోకి వస్తారో తెలియాలంటే సత్తువను కొలవాలి.

“పరీక్షలు లేవు” అన్న మాటకు జవాబు ఒక టేపు, ఒక గడియారం, ఒక కుర్చీ. నడకకు వరండాలో 6 మీటర్లు గీయండి. మొదటి మీటరు, చివరి మీటరు వదిలేసి నడుమ 4 మీటర్లకే సెకన్లు లెక్కపెట్టండి. రోజూ నడిచే వేగంతోనే నడవమనాలి. “తొందరగా రండి” అంటే పరీక్ష పాడవుతుంది. కర్ర అలవాటుంటే కర్రతోనే నడిపించి, ఆ సంగతి రాసుకోండి. రెండుసార్లు నడిపించి సగటు తీయండి. 5 సెకన్లు దాటితే వేగం సెకనుకు 0.8 మీటర్ల కన్నా తక్కువ, అంటే నడక నెమ్మదించినట్టే. కండ క్షీణతకు ఆసియా నిపుణుల బృందం 2019లో పెట్టిన గీత ఇంకా పైన, సెకనుకు 1 మీటరు దగ్గర ఉంది.

కుర్చీ పరీక్షకు చేతులు లేని, సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తు కుర్చీని గోడకు ఆనించండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోవాలి. “మొదలు” అన్నప్పటి నుంచి ఐదోసారి పూర్తిగా నిలబడేదాకా లెక్క. 12 సెకన్లు లేదా ఎక్కువ పడితే ఆసియా ప్రమాణంలో కాళ్ళ సత్తువ తగ్గినట్టు. సోఫా మీదో నవారు మంచం మీదో చేయిస్తే అంకెకు అర్థం ఉండదు, ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది. పక్కన ఒకరు ఉండాలి.

చేతి పట్టుకు మాత్రం డైనమోమీటర్ (పిడికిలి బిగించే బలాన్ని కిలోల్లో చూపే పరికరం) కావాలి. కరచాలనం చేసి అంచనా వేయడం కొలత కాదు. మగవారిలో 28, ఆడవారిలో 18 కిలోల కన్నా తక్కువైతే బలహీనం. షుగర్ పాతబడ్డ వారికి వేళ్ళు బిగుసుకుపోవడం, ట్రిగ్గర్ ఫింగర్ (మడిచిన వేలు చాచబోతే ఇరుక్కుపోవడం) మామూలే. కండ ఉన్నా పట్టు తక్కువ చూపిస్తుంది. అలాగే అరికాళ్ళ తిమ్మిర్లు నడకను, మోకాళ్ళ అరుగుదల కుర్చీ పరీక్షను దెబ్బతీస్తాయి. అందుకే ఒక్క పరీక్షతో ముద్ర వేయకూడదు. పరీక్షకు ముందు గ్లూకోమీటర్‌తో చూడండి. 70 లోపు ఉంటే ముందు మూడు చెంచాల పంచదార నీళ్ళు ఇవ్వండి, పరీక్ష మరోరోజు పెట్టుకోండి. జ్వరం తగ్గిన వారంలోనూ వద్దు.

లావు విషయం చిన్నదే. కొవ్వు కింద కండ కరిగిపోతున్నా బరువుయంత్రం పట్టుకోలేదు. పిక్క చుట్టుకొలత మగవారిలో 34, ఆడవారిలో 33 సెంటీమీటర్ల కన్నా తగ్గితే అనుమానించాలి. కాళ్ళవాపు ఉంటే ఈ కొలత చెల్లదు.

ఇక విశ్రాంతి. మంచం పట్టిన కండ వేగంగా కరుగుతుంది. యూరప్‌లో 70 దాటిన, సత్తువ తగ్గుతున్న షుగర్ రోగులపై జరిగిన మిడ్-ఫ్రెయిల్ అధ్యయనంలో 16 వారాల కాళ్ళ బలపు వ్యాయామం, ఆహార శిక్షణ, షుగర్ లక్ష్యాల సవరణ కలిపి ఇచ్చారు. నిలకడ, నడక, కుర్చీ పరీక్షలకు కలిపి ఇచ్చే 12 మార్కుల్లో ఏడాది తరవాత వారికి మామూలు వైద్యమే అందినవారికన్నా సగటున 0.85 ఎక్కువ వచ్చింది. ప్రొటీన్ కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలి. 60 కిలోలకు అది 60–72 గ్రాములు. గుడ్డుకు 6 గ్రాములే, 50 గ్రాముల కందిపప్పుకు సుమారు 11 గ్రాములు. పల్చటి చారన్నంతో ఈ లెక్క తేలదు. కిడ్నీ జబ్బు ఉంటే ప్రొటీన్ పెంచేముందు, పాదంలో పుండో కంటి రెటీనా జబ్బో ఉంటే వ్యాయామం మొదలుపెట్టేముందు డాక్టరును అడగాలి.

కొలతలు ఆరు నెలలకోసారి తేదీతో రాసి, లో షుగర్ వచ్చిన రోజులు, మందుల చీటీలు కలిపి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. మందు మీరే ఆపొద్దు. నిన్నటిదాకా నడిచిన మనిషి రెండు మూడు రోజుల్లో లేవలేకపోతే అది ఫ్రెయిల్టీ కాదు. ఇన్‌ఫెక్షన్, పక్షవాతం, గుండెపోటు, లో షుగర్‌లలో ఏదైనా కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.